ఫైళ్లు సర్దడం అయింది, ఫోను చేయడమే మిగిలింది

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని ఒకచోట చేర్చాను. ఊళ్లు వేరు, వయసులు వేరు, ఇబ్బందులూ వేరే. అయినా మూడింటిలోనూ కనిపించే అలవాటు ఒక్కటే. చేయవలసిన పని కళ్లెదుట ఉండగా, దాన్ని అక్కడే ఉంచి, పక్కనున్న చిల్లర పనిని శ్రద్ధగా, అందంగా, అవసరానికి మించి చేయడం. ఈ విషయంలో సలహా చెప్పే అర్హత నాకెంత ఉందో పాఠకులే తేల్చాలి. ఈ జవాబులు రాయడానికి కూర్చునే ముందు కళ్లద్దాలు రెండుసార్లు తుడిచాను, కలంలో సిరా నింపాను, బల్ల సొరుగులో చెల్లాచెదురుగా పడి ఉన్న గుండుసూదుల్ని ఏరి డబ్బాలో వేశాను. వేస్తూ లెక్కపెట్టాను కూడా.

ప్రశ్న: నా వయసు 47. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా నాన్నగారు పోయి పద్నాలుగు నెలలైంది. సంవత్సరీకాలు కూడా జరిగిపోయాయి. ఆయన పేరున మూడెకరాల ఇరవై సెంట్ల వరి పొలం ఉంది; కౌలుకు ఇచ్చాం. పాస్‌పుస్తకం ఇంకా ఆయన పేరు మీదే ఉంది. దాన్ని మార్పించాలంటే ముందు హైదరాబాదులో ఉంటున్న అన్నయ్యతో మాట్లాడాలి. అమ్మ నా దగ్గరే ఉంటోంది. “నువ్వే అడుగమ్మా, నాకు నోరు రాదు” అంటుంది.

ఈ పద్నాలుగు నెలల్లో నేను చేసిన పని చెబితే మీరు నవ్వుతారు. నాన్నగారి ట్రంకుపెట్టె తెరిచి, అందులోని శిస్తు రసీదుల్ని ఏ ఏడాదివి ఆ ఏడాదికి వేరు చేశాను. ఎలుక కొరికిన అంచుల్ని టేపుతో అతికించాను. దస్తావేజులకు రెండేసి జిరాక్సులు తీయించి ప్లాస్టిక్ కవర్లలో పెట్టాను. పొలం కాగితాలకు ఒక ఫైలు, సొసైటీలో ఎప్పుడో తీర్చేసిన అప్పుల రసీదులకు ఒకటి, ఇంటి పన్నుకు ఒకటి, కరెంటు బిల్లులకు ఒకటి, మొత్తం నాలుగు ఫైళ్లు కొని, ఎర్ర సిరాతో పేర్లు రాసి అంటించాను. చేతిరాత నచ్చక రెండు చీటీలు చించి మళ్లీ రాశాను. మరణ ధ్రువీకరణ పత్రానికి లామినేషన్ చేయించాను. ఆ కాగితాలు ఇప్పుడు నాన్నగారు బతికున్నప్పటికన్నా చక్కగా ఉన్నాయి.

ప్రతి ఆదివారం పొద్దున్నే ఫోను చేతిలోకి తీసుకుంటాను. అంతలో మినపప్పు ఎండలో పోయలేదని గుర్తొస్తుంది. పోపులపెట్టె జిడ్డోడుతూ కనిపిస్తుంది. సాయంత్రానికి ఇల్లంతా అద్దంలా ఉంటుంది. ఫోను మాత్రం చేసి ఉండను. బడిలో నలభై మంది పిల్లల పేపర్లు తెచ్చిన రాత్రే దిద్దేసే మనిషిని. నాకు ఇంత బద్ధకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలరా?
ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: బద్ధకం అన్న మాటను ముందు కొట్టివేద్దాం. బద్ధకస్తులెవరూ ఎలుక కొరికిన రసీదుకు టేపు అతికించరు. చీటీ మీద అక్షరం వంకర పోయిందని మళ్లీ రాయరు. మీరు పడిందంతా కష్టమే. కాకపోతే అది, పడవలసిన కష్టానికి జానెడు ఇవతల పడిన కష్టం.

పెరట్లో రెండు పుంజులు ఎదురుపడినప్పుడు జరిగేది మీ జిల్లాలో పుట్టినవారికి నేను వర్ణించనక్కర్లేదు. సంక్రాంతి బరుల సంగతి ఎత్తడం లేదు. అక్కడ పుంజుకు పక్కకు తప్పుకునే వీలే ఉండదు. మామూలు పెరటి పుంజుల సంగతే చెబుతున్నాను. మెడ ఈకలు నిక్కబొడుచుకుని, తలలు వంచి, ఇక కొట్టుకోవడమే తరువాయి అన్నట్టు నిలబడతాయి. కలబడాలన్న ఉద్రేకమూ పారిపోవాలన్న భయమూ సరిసమానంగా ఉన్న ఆ ఘడియలో, ఒక పుంజు ఉన్నట్టుండి తల దించి నేలను టకటకా పొడవడం మొదలుపెడుతుంది. అక్కడ గింజలుండవు, దానికి ఆకలీ ఉండదు. ఇటువంటి ప్రవర్తనను నీకో టిన్‌బెర్గెన్ అనే డచ్ శాస్త్రవేత్త 1940 ప్రాంతంలో శాస్త్రీయంగా వివరించాడు. వీపున ముళ్లుండే ఒక చిన్న చేప, తన హద్దు దగ్గర మరో మగచేప ఎదురైతే, పోట్లాడనూ లేక వెనుదిరగనూ లేక, తలకిందులుగా నిలబడి గూటికి గుంట తీస్తున్నట్టు ఇసుక తవ్వుతుందని ఆయన గమనించాడు. జంతువుల ప్రవర్తన మీద చేసిన కృషికి 1973లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పొందినవాడాయన. మిమ్మల్ని చేపతోనూ పుంజుతోనూ పోల్చినందుకు కోపగించుకోకండి. మీ పోపులపెట్టె నాకు అచ్చంగా ఆ ఇసుక గుంటలాగే కనిపించింది.

మనుషుల విషయంలో దీనికి మరో మెలిక ఉంది. ఫ్యూషియా సిరోయిస్, తిమోతీ పిచిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన వ్యాసంలో, పనుల్ని వాయిదా వేయడం కాలాన్ని సర్దుకోలేకపోవడం వల్ల వచ్చే చిక్కు అనుకోవడం పొరపాటనీ, అది ఆ క్షణంలో మనసుకు కలిగే బాధను సర్దుకోవడానికి మనిషి వెతుక్కునే దారి అనీ వాదించారు. ఫోను చేతిలోకి తీసుకోగానే మీ ఛాతీలో ఏదో బిగుసుకుంటుంది. మినపప్పు గుర్తుకు రాగానే అది సడలుతుంది. ఆ సడలింపే మీకు దక్కే కూలి. ఆ కూలి వెంటనే, రొక్కంగా దక్కుతుంది కాబట్టి వచ్చే ఆదివారం కూడా అదే జరుగుతుంది. పైగా చిన్న పనికి మొదలూ చివరా కంటికి కనిపిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, శిస్తు రసీదు మనకు ఎదురు చెప్పదు. అది గొంతు పెంచదు, మాట్లాడకుండా ఫోను పెట్టేయదు, “ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా?” అని అడగదు.

మీ ఉత్తరం మళ్లీ ఒకసారి చదువుకోండి. ఫైళ్లకు దక్కిన చోటులో పావు వంతు కూడా మీ అన్నయ్యకు దక్కలేదు. ఆయన ఎటువంటివారో, ఆయనతో మీకు మాటలున్నాయో లేవో, నాన్నగారి కర్మకాండలప్పుడు ఏమైనా అనుకున్నారో, ఒక్క ముక్కా లేదు. అంతకన్నా పెద్ద లోటు మరొకటుంది: ఆ పొలంలో మీకేం కావాలో మీరు రాయలేదు. మీకు వాటా కావాలా? వాటా వద్దు, అమ్మ పేరు ఎక్కితే చాలనుకుంటున్నారా? అన్నయ్యకే వదిలేసి, కౌలు డబ్బు మాత్రం అమ్మ ఉన్నన్నాళ్లూ అమ్మకు చేరాలంటారా? చట్టం మాటకు వస్తే, అది మీ నాన్నగారి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారికీ అన్నయ్యకూ మీకూ సమాన వాటాలు వస్తాయి. పిత్రార్జితమైతే లెక్క కొంత మారుతుంది. అందులోనూ కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉందని 2005 సవరణ చెబితే, 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని మరింత స్పష్టం చేసింది. ఏ లెక్క వర్తిస్తుందో మీ నాలుగు ఫైళ్లలో మొదటిదాన్ని చూసి వకీలు చెప్పగలరు. అయితే చట్టం ఇచ్చే వాటా ఎంతో తెలుసుకోవడం ఒక పని, మీరు అడగదలచిన వాటా ఎంతో నిశ్చయించుకోవడం మరో పని. గణితం చెప్పేవారికి మొదటిది అరగంట పని. మీరు పద్నాలుగు నెలలుగా పక్కకు నెడుతున్నది రెండోదాన్ని. ఏం అడగాలో తేలకుండా ఫోను తీస్తే, అవతల గొంతు వినబడగానే నోరు పెగలకపోవడంలో వింతేముంది?

మీ వయసువారికి గోడల మీద “ఓ స్త్రీ రేపు రా” అని రాసుకున్న రోజులు గుర్తుండే ఉంటాయి. దయ్యం గుమ్మం దాకా వచ్చి, చదువుకుని, రేపు రమ్మన్నారు కదా అని వెళ్లిపోతుందని జనం నమ్మకం. ఆ రాతలోని కిటుకు ఏమిటంటే, ఏ రాత్రి చదివినా అది రేపటి మాటే చెబుతుంది. ఒకసారి సున్నంతో రాస్తే మళ్లీ రాయనక్కర్లేదు. మీరూ ఆదివారం అన్న మాటను అదే విధంగా వాడుతున్నారు. తేడా అల్లా, గోడ మీది దయ్యం ఇంట్లోకి వచ్చేది కాదు. మీ కౌలుదారు మాత్రం పంట చేతికి రాగానే కౌలు ఎవరి చేతిలో పెట్టాలని అడుగుతూ వస్తాడు.

ఇప్పుడు చెప్పబోయేది ఊహ మాత్రమే, తప్పయితే వదిలేయండి. అన్నయ్య ఏమంటాడో అన్న భయం ఒక పాలు అయితే, పాస్‌పుస్తకంలో నాన్నగారి పేరు ఉండదన్న బెంగ రెండు పాళ్లు అనిపిస్తోంది. ఆ పేరు ఉన్నన్నాళ్లూ పొలం ఆయనది. ఎర్ర సిరాతో చీటీ రాసిన రోజున మీరు ఆయన గుమాస్తా, ఆయన కూతురు. పేరు మారిన రోజున ఆ ఉద్యోగం పోతుంది. ఎలుక కొరికిన రసీదును వేళ్లతో సవరించి అతికిస్తున్నప్పుడు, ఆయన తాలూకా ఆఫీసులో నిలబడి శిస్తు కట్టిన రోజు మీ కళ్ల ముందు ఆడే ఉంటుంది. ఆ పని చేసినందుకు ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టకూడదు. మీరు అసలే పట్టుకోకూడదు. దుఃఖం తీరడానికి కొందరు గుడికి వెళతారు, మీరు ఫైళ్లు సర్దారు. నా అభ్యంతరం ఒక్కటే: నాలుగు ఫైళ్లతో అది తీరిపోయింది. ఐదో ఫైలు కొనవద్దు. పాత దస్తావేజులకు లామినేషన్ అసలే వద్దు, కాగితం పాడవుతుంది.

ఇక చేయవలసినది. పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరురాలు వెరోనికా బ్రాండ్‌స్టాటర్‌తో కలిసి 1997లో ఒక ప్రయోగం గురించి రాశాడు. క్రిస్మస్ ముందటి రాత్రి ఎలా గడిచిందో రెండు రోజుల్లోగా రాసి పంపమని విద్యార్థుల్ని కోరారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే నిర్ణయించుకోమని వారిలో కొందరికి చెప్పారు. అలా నిర్ణయించుకున్నవారిలో మూడింట రెండొంతులకు పైగా గడువులోగా రాసి పంపగా, మిగిలినవారిలో పంపినవారు మూడో వంతుకు అటూ ఇటూగానే ఉన్నారు. “ఆదివారం చేస్తాను” అన్నది కోరిక మాత్రమే. “ఆదివారం పొద్దున అమ్మకు మాత్రలిచ్చి, కాఫీ గ్లాసు కడిగి బోర్లించిన వెంటనే, వంటింటి గుమ్మం దాటకముందే ఫోను చేస్తాను” అన్నది ఏర్పాటు. గ్లాసు బోర్లించిన చప్పుడే మీకు గుర్తుచేస్తుంది. మినపప్పు సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు. ఎండ పదకొండింటికి ఇంకా బాగుంటుంది.

ఫోనులో పొలం పంపకం మాట్లాడవద్దు. ఫోను చేసేది ఒక తేదీ అడగడానికే. “అన్నయ్యా, నాన్న కాగితాలన్నీ సర్ది పెట్టాను. నువ్వు ఈసారి ఎప్పుడొస్తావో చెప్పు, అమ్మ దగ్గర కూర్చుని ముగ్గురం చూసుకుందాం.” ఇంతే. సర్దిన ఫైళ్లకు అసలు ప్రయోజనం ఈ వాక్యంలో ఉంది. మాట ఎత్తడానికి దొరికే సాకు అవే. ఫోను చేసే ముందు శనివారం రాత్రి, మీకేం కావాలో ఒక కాగితం మీద ఒక్క వాక్యంగా రాసి పెట్టుకోండి. చేతిరాత ఎలా ఉన్నా సరే.

పద్నాలుగు నెలలు గడిచాయన్న సిగ్గు కూడా ఒక బరువే. “ఇన్నాళ్లూ ఏం చేశావ్?” అని అడుగుతాడన్న జంకుతో ఆలస్యం ఇంకా పెరుగుతుంది. కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది విద్యార్థుల మీద జరిపిన ఒక పరిశీలనను 2010లో ప్రచురించారు. మొదటి పరీక్షకు చదువును వాయిదా వేసిన తమను తాము క్షమించుకోగలిగినవారు తరువాతి పరీక్షకు అంతగా వాయిదా వేయలేదని అందులో తేలింది. మిమ్మల్ని మీరు తిట్టుకునే ఆదివారాలు ఎన్ని ఉంటే పోపులపెట్టె అన్నిసార్లు తోమబడుతుంది.

ప్రశ్న: నాది మహబూబ్‌నగర్ జిల్లా. మూడేళ్లుగా హైదరాబాదు అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్-1కు చదువుతున్నాను. వయసు 26. రోజుకు పది గంటలు పుస్తకాల ముందే ఉంటాను. ప్రతి ఆదివారం కొత్త టైంటేబుల్ వేస్తాను, సబ్జెక్టుకో రంగు. టెలిగ్రామ్‌లో వచ్చే మెటీరియల్ అంతా దించుకుని ఫోల్డర్లుగా పెట్టాను. ఎకానమీ నోట్సు మూడుసార్లు ఫెయిర్ చేశాను. కానీ మెయిన్స్ మోడల్ పేపరు మూడు గంటలు కూర్చుని ఇంతవరకు ఒక్కటీ రాయలేదు. సిలబస్ పూర్తయ్యాక రాద్దామని ఆగాను. పెద్ద పనిని తప్పించుకుంటూ చిన్న పనులు చేయడం కూడా ఒక పద్ధతేనని ఒక అమెరికన్ ప్రొఫెసర్ చెప్పాడని విన్నాను. నాకది పనికొస్తుందా?
మీ తమ్ముడు

జవాబు: తమ్ముడూ, పై ఉత్తరం రాసిన టీచరు గారికి తాను తప్పించుకుంటున్నానని తెలుసు. నీకు తెలియదు. అందుకే నీ జబ్బు కాస్త గట్టిది. పోపులపెట్టె తోమితే ఫోను చేసినట్టు కాదని ఎవరికైనా అర్థమవుతుంది; ఎకానమీ నోట్సు ఫెయిర్ చేయడం మాత్రం చదువులాగే ఉంటుంది, చదువు వాసనే వేస్తుంది, చూసినవాళ్లు కూడా చదువుతున్నాడనే అంటారు.

నువ్వు విన్న ప్రొఫెసరు స్టాన్‌ఫర్డ్‌లో తత్వశాస్త్రం చెప్పిన జాన్ పెర్రీ. ఆ మాట చెప్పిన వ్యాసానికి 2011లో ఆయనకు ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి అది. ఆయన చెప్పింది ఇదీ: చేయవలసిన పనుల జాబితాలో పైన ఏదో భయంకరమైన పని ఉంటే, దాన్ని తప్పించుకునే నెపంతో కింది పనులన్నీ చకచకా పూర్తవుతాయి. బాగానే ఉంది. అయితే ఆయన ఒక షరతు పెట్టాడు. పైన ఉంచుకునే పని గడువున్నట్టు కనిపిస్తూ నిజానికి గడువు లేనిదై ఉండాలి, ముఖ్యమైనదిగా కనిపిస్తూ నిజానికి అంత ముఖ్యం కానిదై ఉండాలి. ప్రొఫెసర్ల బల్ల మీద అటువంటి పనులు బోలెడు ఉంటాయి. నీ జాబితాలో పైన ఉన్నది పరీక్ష. దానికి తేదీ ఉంది, హాల్‌టికెట్ ఉంది, ఊళ్లో మీ నాన్న పంపే గది అద్దె ఉంది. కాబట్టి పెర్రీ గారి కిటుకు నీకు పనికిరాదు.

నోట్సు తిరగరాయడం ఎందుకు అంత హాయిగా ఉంటుందో కూడా చెబుతాను. అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు 2006లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, తరువాత చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవారే మెరుగ్గా రాశారు. వారం తరువాత పెడితే లెక్క తారుమారై, చూడకుండా రాసినవారు బాగా ముందున్నారు. ఆ మొదటి ఐదు నిమిషాల సంతోషంలోనే నువ్వు మూడేళ్లుగా కాపురం ఉంటున్నావు.

మోడల్ పేపరు రాయకపోవడానికి సిలబస్ కారణం కాదని నీకూ లోలోపల తెలుసు. ఆ మూడు గంటలు గడిస్తే నీ స్థాయి ఎంతో కాగితం మీద తేలిపోతుంది. రాయనన్నాళ్లూ నువ్వు ర్యాంకు కొట్టబోయే కుర్రాడివి. రాస్తే నూటయాభైకి యాభై రెండు వచ్చిన కుర్రాడివి కావచ్చు. ఆ యాభై రెండు చూడటమే అసలు కష్టం. అది ఒక్కసారే కష్టం, ఆ పైన అరవై ఎలా తెచ్చుకోవాలన్నదే ఉంటుంది. ఇవాళ రాత్రి మూడు గంటల పేపరు రాయమని అననులే. ఒక్క ప్రశ్న తీసుకో. పుస్తకం మూసి, ఫోను కింద మెస్సు ఆంటీ దగ్గర పెట్టి, గడియారం చూసుకుంటూ రాయి. అధ్వానంగా రాయి, ఎవరడిగారు? దాన్ని రేపు పొద్దున నీ మొహమాటానికి లొంగని స్నేహితుడి చేత దిద్దించు. చిక్కడపల్లి లైబ్రరీలో నీలాంటివారే వందల మంది కూర్చుంటారు, వారిలో అటువంటి ఒక్కడు దొరకకపోడు. ఈ ఆదివారం టైంటేబుల్ వేయకు; పోయిన వారం వేసిందే చాలు, దానికింకా రంగు కూడా వెలిసిపోలేదు.

ప్రశ్న: విజయవాడలో అరవై ఫ్లాట్లున్న అపార్ట్‌మెంటుకు నేను కోశాధికారిని. లిఫ్టు పాతబడింది, తరచూ మధ్యలో ఆగిపోతోంది. కొత్తదానికి లక్షల్లో ఖర్చు. మీటింగు పెడితే లిఫ్టు కొటేషన్ ఐదు నిమిషాల్లో “తరువాత చూద్దాం” అని పక్కన పెట్టేసి, గేటుకు ఏ రంగు వేయాలన్నదాని మీద గంటన్నర వాదించుకున్నారు. ఇలాగే మూడు మీటింగులు జరిగాయి. ఏం చేయాలి?
కోశాధికారి, విజయవాడ

జవాబు: కోశాధికారి గారూ, మీ అపార్ట్‌మెంటువారు కొత్త సంప్రదాయమేమీ పెట్టలేదు. నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే ఆంగ్ల రచయిత 1957లోనే ఒక కల్పిత కమిటీ సమావేశాన్ని వర్ణించాడు. కోటి పౌండ్ల అణు రియాక్టరు విషయం రెండున్నర నిమిషాల్లో ఆమోదం పొందుతుంది. గుమాస్తాల సైకిళ్లు పెట్టుకోవడానికి 350 పౌండ్లతో వేయదలచిన షెడ్డు మీద ముప్పావుగంట చర్చ సాగుతుంది. రియాక్టరు గురించి చాలామందికి తెలియదు. తెలియదని నలుగురిలో ఒప్పుకోలేరు. సైకిలు షెడ్డు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, అందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది, మీటింగుకు వచ్చినందుకు తలా ఒక మాట అనవలసి ఉంటుంది.

పై రెండు ఉత్తరాల్లో ఒక మనిషి తన భయం నుంచి తప్పించుకుంటే, ఇక్కడ అరవై కుటుంబాలు కలిసి తమ తెలియనితనం నుంచి తప్పించుకుంటున్నాయి. మీ వారి విషయంలో జేబు భయం కూడా కలిసింది: లిఫ్టు మాట తెమిలితే తలకింత అని చందా తేలుతుంది, గేటు రంగు మాట ఎంత సాగినా ఎవరికీ ఖర్చు లేదు.

కాబట్టి తరువాతి మీటింగులో లిఫ్టు ఒక్కటే ఉంచండి. కొటేషన్ కాగితాల్ని మీటింగులో పంచితే ఎవరూ చదవరు. వారం ముందే పై అంతస్తులవారిలో ఇద్దరిని పట్టుకుని, వాళ్ల చేత చదివించి, మూడు ప్రశ్నలు రాయించుకోండి. ఎన్నేళ్ల వారంటీ, ఏటా నిర్వహణకు ఎంత, పని జరిగినన్నాళ్లూ పెద్దవాళ్లు మెట్లెక్కడానికి ఏర్పాటేమిటి, ఇలాంటివి. చర్చ ఆ మూడు ప్రశ్నల నుంచే మొదలైతే లిఫ్టు గురించి ఏమీ తెలియనివారికి కూడా పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. ఫ్లాటుకు ఎంత పడుతుందో, ఎన్ని వాయిదాల్లో కట్టవచ్చో లెక్క వేసి అదే కాగితం మీద రాయండి. ఆ అంకె కనిపించకపోతే ప్రతివారూ దానికి రెండింతలు ఊహించుకుని భయపడతారు. వీలైతే మీటింగును పై అంతస్తు వరండాలో పెట్టండి, లిఫ్టు ఆగిన రోజునైతే మరీ మంచిది.

గేటు రంగు బాధ్యతను ఇద్దరు సభ్యుల ఉపసంఘానికి రాసిచ్చేయండి. ఆ ఇద్దరూ ఒకే ఫ్లాటులో ఉండే భార్యాభర్తలు కాకుండా మాత్రం చూసుకోండి.